బావి గట్టున ప్రాణవాయువు

సముద్రములో మునుగుటకు పోవువారి పడవలలో ఒక పెట్టె ఉండును. నీరు చొరని మూతతో, చేయి చాచినంతలో అందునట్లు దానిని అమర్చెదరు. అందులో ప్రాణవాయువు నింపిన చిన్న సిలిండరు, ఆ వాయువు వేగమును అదుపు చేయు రెగ్యులేటరు, ముఖమునకు తగిలించు మాస్కులు, సిలిండరును తెరచుటకు ఒక తాళపుచెవి ఉండును. నీటి అడుగునుండి పైకి వచ్చినవాడు కీళ్లు నొచ్చుచున్నవనియో, కాళ్లు తిమ్మిరెక్కినవనియో చెప్పిన మరుక్షణమే ఆ పెట్టె తెరచెదరు. విశాఖపట్టణము దగ్గర ఋషికొండ తీరమున నేడు సముద్రములో మునిగి చూచి వచ్చువారు ఉన్నారు గనుక మన రాష్ట్రమునకు ఈ పెట్టె బొత్తిగా క్రొత్తది కాదు.

అయినను దీనిని గూర్చి కళ్యాణదుర్గము వారితో ముచ్చటింపబూనుట చూచి శ్రోతలు నవ్వుకొనవచ్చును. ఆ ఊరికి తూర్పు సముద్రమైనను, పడమటి సముద్రమైనను సుమారు మూడువందల కిలోమీటర్ల దూరమున నున్నది. హగరి ఏటిలో ఏడాదిలో అధికభాగము ఇసుకయే కనిపించును. కాని ఆ పీఠభూమిపై కూడ మనుష్యులు మునుగుచునే యున్నారు. వారు మునుగునది నీరులేని బావులలో. పడవలోని పెట్టె వారికి అక్కరకు వచ్చునా, వచ్చినచో దానిని ఎట్లు కూర్చుకొనవలెను, ఎట్లు కాపాడుకొనవలెను అన్నదే మా నేటి ప్రసంగము.

అనంతపురము జిల్లాలో సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును ఒక్కొక్క యేడు ముఖము చాటువేయును. పైన కొద్దిపాటి ఎర్రనేల, దాని క్రింద చేతితో నలిపిన పొడియగు శిథిలశిల, ఆ క్రింద గట్టి రాయి. నీరు ఆ శిథిలశిలలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచును. కపిల తోలిన దినములలో చేతికందిన నీరు క్రమముగా దిగజారగా, రైతు తానును దాని వెంట దిగెను. గడ్డపారతోను తూటాలతోను బావిని లోతు చేసెను. పిమ్మట బావి అడుగుననే బోరు వేసెను. తుదకు బావిని విడిచి పొలములో బోరు వేసెను. ఇట్లు విడువబడిన బావులు ముళ్లకంపల నడుమ నోళ్లు తెరచుకొని యున్నవి. వానలు బాగుగా కురిసిన యేడు వాని పూడిక తీయవలెనన్న తలంపు పుట్టును. ఇంకొకప్పుడు అడుగున చిక్కిన మోటారుకై దిగెదరు. ఒకప్పుడు మేకపిల్ల పడును.

మొదట దిగినవాడు పలుకడు. గట్టుపైనున్న తమ్ముడు రెండు కేకలు వేసి, అన్న జారిపడినాడేమో యని తాను దిగును. వాడును పలుకడు. ఆ వెనుక బావమరిదియో, పొరుగు చేనివాడో మొలకు తువ్వాలు బిగించి దిగబోవును. వేసవిలో పత్రికలు చదువువారికి ఇట్టి వార్త క్రొత్త కాదు. ఒకే ఇంటిపేరు రెండు మూడు మారులు కనిపించు వార్త అది.

మనము పీల్చు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు, 78 పాళ్లు నత్రజని. పాడుబడిన బావి అడుగున ఈ లెక్క తప్పును. రాలిన ఆకులను, చచ్చిన జంతువులను కుళ్లించు సూక్ష్మజీవులు ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసు వాయువును విడుచును. ఇది గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. గాలి ఆడని ఇరుకు బావిలో అడుగుననే నిలిచిపోవును. గోడల పగుళ్లనుండియు, పాత బోరునుండియు ఇట్టి గాలి బావిలోనికి వచ్చును. వాతావరణ పీడనము తగ్గినపుడు, అనగా గాలివాన ముంచుకొని వచ్చు సమయములలో, భూమి తన లోపలి గాలిని బావిలోనికి విడుచును. నిన్న దిగి క్షేమముగా వచ్చితిమి కదా, నేడు మాత్రమేమి అనుట అందుచేతనే చెల్లదు. బావి అదే, గాలి వేరు.

నూటికి 17 పాళ్లకు తగ్గినపుడు దీపము ఆరును. 10 పాళ్లకు తగ్గినచో మనిషికి తెలివి తప్పును. 6 పాళ్లకు దిగువను ప్రాణము నిలుచునది కొద్ది నిమిషములే. అన్నిటికంటె దారుణమైన సంగతి మరియొకటి కలదు. ఊపిరి సలుపకపోవుచున్నదన్న బాధ మనకు ప్రాణవాయువు కొరవడుటచే కలుగునది కాదు. రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరుగుటచే కలుగునది. కనుక బావిలో కేవలము నత్రజనియే మిక్కుటమై ప్రాణవాయువు లేకున్నచో, దిగినవానికి ఉక్కిరిబిక్కిరి కూడ తోపదు. మోకాళ్లు సడలును, అంతే. అట్టి గాలి రెండు మూడు ఊపిరులు పీల్చిన చాలును, అది రక్తములోని ప్రాణవాయువును ఎదురు లాగికొని పోవును. దమ్ము పట్టి దిగి వచ్చెదనను బలశాలి ఈ సంగతి ఎరుగడు.

గనుల గాలిని పరీక్షించుటలో జీవితమును గడపిన జాన్ స్కాట్ హాల్డేన్ అను స్కాట్లండు దేశ శాస్త్రజ్ఞుని గూర్చి ఇచట చెప్పవలెను. గనివారు భయపడు ఆర్పుడు గాలి, అనగా దీపములనార్పు గాలి, ముఖ్యముగా నత్రజనియు బొగ్గుపులుసు వాయువును కలిసినదని 1890ల నాడు తేల్చినవాడు ఆయన. సముద్రములో మునుగువారు ఏ లెక్కన మెల్లగా పైకి రావలెనో 1908లో పట్టికలు కట్టినవాడును ఆయనయే. బావికిని పడవకును చుట్టరికము కలిపిన ఆ పెద్దమనిషి ఒకసారి తన చిన్న కుమారుని గనిలోనికి తీసికొనిపోయి, పైకప్పు దగ్గర మండుగాలి నిలిచిన చోట నిలువబెట్టి, షేక్స్పియరు నాటకములోని ఒక ఉపన్యాసమును వల్లింపుమనెనట. బాలుడు కొన్ని మాటలు పలికి కాళ్లు సడలి నేలపై కూలెను. మండుగాలి తేలికయైనది గనుక నేలమీద మంచి గాలి యుండెను, పిల్లవాడు తేరుకొనెను. ఆ బాలుడే జె. బి. ఎస్. హాల్డేన్, 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసినాడు. మా బావిలో కథ తలక్రిందులు. ఇచట చెడుగాలి అడుగున నుండును. కూలినవాడు మరింత చెడుగాలిలోనికే కూలును.

దీపము దింపి చూచుట మన పెద్దల పరీక్ష. లాంతరు ఆరినచో దిగరాదు. ఇందులో తప్పు లేదు. ఆరకున్నచో దిగవచ్చుననుటయే తప్పు. ఆయిల్ ఇంజను బావిలోపల పెట్టి ఆడించిన చోటను, తూటా పేల్చిన చోటను కార్బన్ మోనాక్సైడు నిలుచును. దీపము చక్కగా వెలుగుచునే యుండును, మనిషి కూలును. మురుగు బావులలో మండు వాయువు కూడ ఉండవచ్చును, అపుడు దీపమే నిప్పుపెట్టును. ఇపుడు అరచేతిలో ఇముడు వాయు పరీక్షాయంత్రములు లభించుచున్నవి. వానిని త్రాటితో అడుగునకు దింపి చూడవలెను. ప్రాణవాయువు నూటికి 19.5 పాళ్లకు తక్కువయైనచో ఆ దినమునకు పని మానవలెను, లేదా గాలి మార్చవలెను.

గాలి మార్చుట యనగా వేపకొమ్మ కట్టి పైకి క్రిందికి ఆడించుట కాదు. అది కొంత మేలు చేయవచ్చును గాని దానిని నమ్ముకొని దిగరాదు. మూడు మీటర్ల వెడల్పు, ఇరువది మీటర్ల లోతు గల గుండ్రని బావిలో సుమారు 140 ఘనపు మీటర్ల గాలి పట్టును. నిమిషమునకు పది ఘనపు మీటర్ల గాలి తోలు బ్లోయరుకు గుడ్డ గొట్టము తగిలించి, గొట్టము కొనను అడుగు దాక దింపినచో, ఒకమారు గాలి మారుటకు పావుగంట పట్టును. ఒకమారు చాలదు, మూడు నాలుగు మారులు కావలెను. మనిషి లోపలనున్నంతసేపును బ్లోయరు ఆగరాదు. ఇక త్రాడు. దిగువాని చంకల క్రిందుగా నడుమునకు నడికట్టు బిగించి, దానికి కట్టిన మోకును గిలకపై వేసి, పైన ఇద్దరు పట్టుకొనవలెను. బిందె పడినచో పాతాళగరిగె కలదు. మనిషికి అట్టిది లేదు. ముందుగా కట్టిన త్రాడొక్కటే ఎవరిని దింపకుండ వానిని పైకి తేగలదు.

ఇట్లు పైకి తెచ్చిన మనిషికే మా పెట్టె. దీనిని మరల మరల చెప్పుచున్నామని విసుగుకొనవద్దు. 2021వ సంవత్సరపు వేసవిలో సిలిండరు అన్నమాట ప్రతి ఇంటను వినబడినది గనుక, ప్రాణవాయువు ఉన్నచో ఎక్కడికైనను పోవచ్చునన్న భ్రమ కొందరికి కలుగవచ్చును. ఆసుపత్రి మాస్కు తగిలించుకొని చెడుగాలి బావిలోనికి దిగినవాడు ఆ మాస్కు అంచులనుండి చెడుగాలినే పీల్చును. అగ్నిమాపక దళమువారి ముఖకవచము వేరు, దాని అమరిక వేరు, దానికి శిక్షణ వేరు. కొందరు సిలిండరును త్రాటితో దింపి బావిలో ప్రాణవాయువును వదలిన గాలి బాగుపడునని తలంతురు. అదియును చేయరాదు. ప్రాణవాయువు మిక్కుటమైన చోట బీడీ నిప్పు, ఇంజను నిప్పురవ్వ, నూనె పీల్చిన గుడ్డ భగ్గుమని మండిపోవును. పెట్టె గట్టుననే యుండవలెను.

పెట్టెలో ఏమి యుండవలెనన్నది దూరమును బట్టి తేలవలెను. కళ్యాణదుర్గమునుండి అనంతపురము సుమారు అరువది కిలోమీటర్లు. కుందుర్పి, శెట్టూరు వైపు పల్లెలనుండి అది మరింత దూరము. 108 అంబులెన్సు సేవ మన రాష్ట్రమున 2005లో ఆరంభమైనది, దానిలో ప్రాణవాయువు ఉండును. అది పొలము గట్టునకు చేరునంతవరకు పట్టు కాలము మనది. పది లీటర్ల సిలిండరులో 150 వాతావరణముల పీడనముతో సుమారు 1,500 లీటర్ల ప్రాణవాయువు పట్టును. తెలివి తప్పినవానికి నిమిషమునకు 15 లీటర్లు ఇయ్యవలెను గనుక అది నూరు నిమిషములు వచ్చును. ఐదు లీటర్ల సిలిండరు తేలికయే గాని యేబది నిమిషములలో అయిపోవును. పైగా మేము ముందు చెప్పినట్లు బావి ప్రమాదములో ఒక్కడు పడుట అరుదు. ఇద్దరున్నచో ఆ నూరు యేబదియగును. అందుచేత పది లీటర్లవి రెండు సిలిండర్లు, రెండు రెగ్యులేటర్లు ఉంచుట మా మతము. ఖర్చు ఎక్కువయను మాట నిజమే.

సిలిండరు కొనునపుడు భుజములు చూడవలెను. వైద్యమునకైన ప్రాణవాయువు సిలిండరు మన దేశమున నల్లని ఒడలు, తెల్లని భుజములు గలది. వెల్డింగు కొట్టులోనిది అడుగునుండి మెడవరకు నలుపే. లోపలి వాయువు పేరు ఒకటే యైనను, రెండవదాని శుద్ధికి రోగి విషయమున ఎవరును పూచీ పడరు. మాస్కులలో క్రిందుగా సంచి వ్రేలాడునది ఎంచుకొనవలెను. ఆ సంచి నిండిన పిమ్మటనే ముఖమునకు తగిలింపవలెను. ఊపిరి ఆడనివానికి గాలి ఊదు రబ్బరు సంచి మాస్కు ఒకటి ఉండవలెను. ఇవి గాక విడి గొట్టము, నాలుగు వాషర్లు, ఒక దుప్పటి, టార్చి దీపము.

పైకి తెచ్చినవాడు ఊపిరి పీల్చుచున్నాడా యని పది సెకనులలో చూడవలెను. పీల్చుచున్నచో ప్రక్కకు ఒత్తిగిలజేసి మాస్కు తగిలించిన చాలును. పీల్చనివానికి మాస్కు తగిలించి చూచుచు కూర్చుండుట వ్యర్థము. వాయువు దానంతట అది ఊపిరితిత్తులలోనికి పోదు. రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 మారులు ఒత్తవలెను. ప్రతి ముప్పది ఒత్తులకు రెండు ఊపిరులు ఊదవలెను. సంచి మాస్కు వాడుట తెలియకున్నచో నోటితో ఊదవచ్చును. మనము విడుచు ఊపిరిలో ఇంకను నూటికి 16 పాళ్లకు పైగా ప్రాణవాయువు మిగిలియే యుండును. ఈ విద్య చదివి వచ్చునది కాదు, నేర్చినవారి యెదుట బొమ్మపై చేసి నేర్చుకొనవలెను.

ఇంజను పొగ సోకినవాని సంగతి వేరుగా చెప్పవలసి యున్నది. కార్బన్ మోనాక్సైడు రక్తములోని ఎర్రకణములను ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. మామూలు గాలిలో ఆ విషము సగమగుటకు నాలుగైదు గంటలు పట్టును. స్వచ్ఛమైన ప్రాణవాయువు ఇచ్చినచో గంటకో గంటన్నరకో సగమగును. 2021లో కొన్న వ్రేలి యంత్రము, రక్తములోని ప్రాణవాయువును చూపునది, చాల ఇండ్లలో సొరుగున పడియున్నది. పొగ సోకినవానికి దానిని పెట్టినచో అది విషమును ప్రాణవాయువుగా లెక్కించి తొంబదియెనిమిది యని చూపును. దానిని నమ్మి మాస్కు తీయరాదు. మనిషి లేచి కూర్చున్నను ఆసుపత్రికి పంపవలసినదే.

కూర్చుటకంటె కాపాడుట కష్టము. పడవవారికి శత్రువు ఉప్పు. మనకు శత్రువులు ఎండయు దుమ్మును. వేసవిలో రేకుల కొట్టములో పెట్టిన మాస్కు గొట్టము రెండేండ్లకు పెళుసుబారి వంచినంతనే చిట్లును. కనుక మాస్కులను గట్టి పాలిథీను సంచులలో మూసి యుంచి, చూచి చూచి మార్చుచుండవలెను. సిలిండరును నీడలో, పడకుండ గొలుసు వేసి యుంచవలెను. గేజి చూచుటకు ఉదయమే తగిన వేళ. తెల్లవారున 27 డిగ్రీలలో 150 చూపిన సిలిండరు మధ్యాహ్నము 42 డిగ్రీలలో సుమారు 157 చూపును. వాయువు పెరుగలేదు, వేడెక్కినది. వేళకొకసారి చూచువాడు కొద్దికొద్దిగా కారిపోవుట కనిపెట్టలేడు. సిలిండరు మెడపై కొట్టిన పరీక్ష తేదీని కూడ చదువవలెను. ఐదేండ్లకొకసారి దానిని పీడన పరీక్షకు పంపవలసి యున్నది.

నూనె సంగతి వేరుశెనగ పండించు సీమలో ఎంత చెప్పినను తక్కువ. అధిక పీడనమున ప్రాణవాయువు తగిలిన నూనె తనంతట అంటుకొనగలదు. తలకు రాసుకొన్న నూనె, వంటనూనె, మోటారు విప్పిన చేతి గ్రీజు, ఏదియైనను వాల్వు దరిదాపులకు రారాదు. మర బిగుసుకొన్నదని నూనెచుక్క వేయుట మన మెకానిక్కులకు చేతివాటము. ఇచట ఆ చేతివాటము చేయి కాల్చును. సబ్బుతో కడిగి ఆరిన చేతులతోనే పట్టవలెను. రెగ్యులేటరు బిగింపకముందు వాల్వును రెప్పపాటు తెరచి మూసినచో నోటనున్న దుమ్ము ఎగిరిపోవును. బిగించిన పిదప మెల్లగా తెరవవలెను; ఒక్కసారిగా తెరచినచో నొక్కుకొన్న వాయువు వేడెక్కి లోపల అగ్గి పుట్టింపవచ్చును.

మేమొకచోట ఇట్టి పెట్టెను చూచితిమి. ఎచటనో చెప్పనక్కరలేదు. గాజు బీరువాలో, తాళము వేసి, ఎర్ర అక్షరములతో పేరు వ్రాసి పెట్టిరి. మా కోరికపై తెరచి చూపబోగా బీరువా తాళము గుమాస్తా ఇంట నుండెను. అది వచ్చిన పిమ్మట సిలిండరు తాళపుచెవి కనిపింపలేదు. ఇరువది నిమిషములకు దొరకినది. వాల్వు తిప్పగా చదునైన పాత వాషరు ప్రక్కనుండి పామువలె బుసకొట్టెను. గేజి మాత్రము నిండుగానే చూపినది. ఆ పెట్టెను ఏర్పరచినవారు మంచివారే, ఖర్చుకు వెనుదీయనివారే.

పడవవారు ఈ విషయమున మనకంటె తెలివైనవారు. రేవు విడుచుటకు ముందు ప్రతి దినమును పెట్టె తెరచి, సిలిండరు తెరచి, మాస్కులో వాయువు వచ్చుట చేతితో చూచి, గేజి అంకెను పుస్తకమున వ్రాసి సంతకము చేయుదురు. మన బావిపని ప్రతిదినము లేదు. కావున పని యున్న దినమున, మనిషి నడికట్టు బిగించుకొనకముందే పెట్టె తెరువవలెను. పని లేని నెలలలో నెలకొక ఉదయము.

పెట్టె ఎవరి దగ్గర నుండవలెనన్నది చిక్కు ప్రశ్న. పంచాయతీ కార్యాలయమున ఉంచవలెనని కొందరందురు. అది సాయంత్రము మూయబడును, ఆదివారము తెరవబడదు. బావి పనులు అధికముగా ఆదివారమే. మా యోచన వేరు. బావులలో మోటార్లు దింపునట్టియు, తీయునట్టియు మెకానిక్కు ప్రతి నాలుగైదు పల్లెలకు ఒకడుండును. ఏ బావిలో మనిషి దిగినను అతనికి కబురు పోవును; గిలక, మోకు, మనుష్యులు అతని బండిలోనే వచ్చును. పెట్టెయు ఆ బండిలోనే రావలెను. పంచాయతీ కొని యిచ్చినను, రైతులు చందాలు వేసికొన్నను, తాళము లేని పెట్టెగా అతని కొట్టులోనే యుండవలెను. సిలిండరు తాళపుచెవిని మాత్రము ఒక గట్టి పురికొసతో సిలిండరు మెడకే కట్టి వ్రేలాడదీయవలెను.